విడిది కావలెను... పదకొండు మందికి!

'మాయాబజార్' మీరు ఎన్నిసార్లు చూశారు? పదిసార్లు చూసి ఉన్నా సరే, ఈసారి చూసేటప్పుడు ఒక్క సంగతి గమనించండి. 1957లో కె.వి. రెడ్డిగారు తీసిన ఆ చిత్రంలో ఘటోత్కచుడి నెత్తిన పడ్డ అసలు బరువు ఏమిటి? శశిరేఖను మంచంతో సహా ఎత్తుకురావడమా? కాదండీ! అది ఆయనకు చిటికెలో పని. మగపెళ్లివారందరికీ విడిది ఏర్పాటు చెయ్యడమే అసలు పని. అందుకోసం చిన్నమయ్య మంత్రం వేసి ఏకంగా ఒక ఊరే కట్టాల్సి వచ్చింది. అంతా చేస్తే, చివరికి శర్మగారినీ శాస్త్రిగారినీ మంచం గిరగిరా తిప్పి కింద పడేసింది!

చిన్నప్పుడు ఆ సీను చూసి పడీపడీ నవ్వాను. ముప్ఫై దాటాక, పదకొండు మంది కుటుంబానికి ఒక్క రాత్రి పడక వెతకాల్సి వచ్చాక, నవ్వు కొంచెం తగ్గింది. నాకు మంత్రాలు రావు. చిన్నమయ్య ఫోన్ నెంబరు అసలే లేదు!

సంగతేమిటంటే... మా నాయనమ్మకి ఫిల్మ్ సిటీ చూడాలని కోరిక.

ఆవిడ 1945లో పుట్టింది. తెనాలి దగ్గర పల్లెటూరు. చదువు లేదు, సంతకం మాత్రం తాతయ్య నేర్పించాడు. సినిమాల్లో మాత్రం ఆవిడ డిగ్రీ పుచ్చుకున్న మనిషి. 'మాయాబజార్' వచ్చినప్పుడు పన్నెండేళ్ల పిల్ల. 1963లో 'లవకుశ' వచ్చినప్పుడు కొత్త కోడలు. రెండెడ్ల బండి కట్టుకుని, బండి నిండా జనం ఎక్కి, తెనాలి వెళ్లి చూసొచ్చిన కథ మా ఇంట్లో ఆవకాయ జాడీ లాంటిది. ఎప్పుడు మూత తీసినా కొత్తగానే ఉంటుంది.

నేను సినిమా వార్తలు రాసి బతుకుతున్నవాణ్ని. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే. "ఒరే చిన్నోడా, ఆ సినిమాల ఊరుకి నువ్వు ఊరికే వెళ్తావంటగా! మమ్మల్నొకసారి తీసుకెళ్లరాదుట్రా?"

'మమ్మల్ని' అన్న మాట గమనించారా? 'నన్ను' అనలేదు. మా ఇంట్లో 'మమ్మల్ని' అంటే నాయనమ్మ, అమ్మ, నాన్న, బాబాయి, పిన్ని, అన్నయ్య, వదిన, వాళ్ల పిల్లలిద్దరు, బాబాయి కూతురు... పదిమంది. నాతో పదకొండు. క్రికెట్ టీము లెక్క సరిపోయింది. కానీ క్రికెట్ టీముకి హోటలు బోర్డువాళ్లు బుక్ చేస్తారు. మాకెవరు చేస్తారు?

"నీ రూములో పడుకుంటార్లే" అంటారా? నాది చిక్కడపల్లిలో ఒంటరి గది. ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్ థియేటర్లు దగ్గరని తీసుకున్నాను. దాంట్లో సగం పాత పత్రికలు, పావు వంతు మంచం. మిగిలిన పావులో నేను నిలబడతాను!

* * *

నిజానికి ఇది రెండో ప్రయత్నం. మొదటిది 2019 వేసవిలో జరిగింది. ఆ కథ రాయాలంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది. కానీ రాయకపోతే ఈ వ్యాసం దేనికి?

అప్పటికి అన్నయ్య కూతురు పుట్టలేదు. మొత్తం పదిమందిమి. విజయవాడ రోడ్డు మీద ఒక లాడ్జీలో రెండు గదులు ఫోనులో మాట్లాడాను. "ఎంతమంది సార్?" అని అడిగితే, "ఎనిమిది" అన్నాను. గదికి నలుగురు చొప్పున ఎనిమిది. మిగిలిన ఇద్దర్నీ ఎలాగో సర్దుకోవచ్చు అనుకున్నాను. సర్దుకోవడం మన రక్తంలోనే ఉంది కదా! రైల్లో సర్దుకుంటాం, బస్సులో సర్దుకుంటాం, లాడ్జీలో సర్దుకోలేమా?

లోపలికి వెళ్లేటప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. కౌంటరు దగ్గర అందరూ సామాన్లతో గొడవ చేస్తుంటే, వెనక మెట్లమీదుగా నాయనమ్మనీ చెల్లెల్నీ పైకి పంపించాను. డెబ్భై నాలుగేళ్ల మనిషి మోకాళ్లు పట్టుకుని, దొంగలాగా చప్పుడు చెయ్యకుండా మెట్లెక్కింది. చెల్లెలికి పదమూడేళ్లు. దానికది సినిమాలో సీనులా ఉండి నవ్వుతోంది. నాయనమ్మ నవ్వలేదు.

రాత్రి పదకొండు గంటలకి తలుపు చప్పుడయింది. గుమాస్తా రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. రెండు గదులూ చూశాడు. వేలితో లెక్కపెట్టాడు.

"ఎనిమిది మంది అన్నరు కద సార్. ఇక్కడ పది మంది ఉన్నరు."

నాన్న బాబాయి వంక చూశాడు. బాబాయి నాన్న వంక చూశాడు. "నువ్వు చూసుకుంటానన్నావుగా!" అని ఒకరు, "ఆ మాట అన్నది నువ్వే!" అని ఇంకొకరు. మూడో గది ఖాళీ లేదు. గొంతులు పెరిగాయి. పసివాడు లేచి ఏడుపు మొదలెట్టాడు. ఈ గొడవలో నాయనమ్మ ఎప్పుడు లేచిందో ఎవరం చూడలేదు. తన సంచీ తీసుకుని బయటికెళ్లి మెట్లమీద కూర్చుంది.

"నేనిక్కడ కూర్చుంటాలేరా. ఒక్క రాత్రేగా!"

గుమాస్తా గబగబా వెళ్లి ఆవిడకి తన కుర్చీ తెచ్చి వేశాడు. తరవాత నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా అన్నాడు. "నాకు పైసల గురించి కాదు సార్. రాత్రి మంట లేస్తదనుకోండి. ఎనిమిది మంది దిగిన్రా అని నేను రిజిస్టర్ చూస్త. రిజిస్టర్ల పేరు లేని మనిషిని ఎవరు దేవులాడుతరు?"

నా నోట మాట రాలేదు. అతను తిట్టి ఉంటే బాగుండేది. మా నాయనమ్మ పేరు లేకుండా చేసింది ఆ లాడ్జీ కాదు, నేను!

పొద్దున్నే ఆవిడ అంది, "ఇంటికి పోదాం పదండ్రా." ఎవరూ కాదనలేదు. ఫిల్మ్ సిటీ గేటు కూడా చూడకుండా రైలెక్కేశారు. ఆ తరవాత కరోనా వచ్చింది, ఏళ్లు గడిచాయి. నాయనమ్మ సినిమాల ఊరి మాట మళ్లీ ఎత్తలేదు. ఆవిడ అడగకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

* * *

2025లో మళ్లీ నడుం కట్టాను. ఈసారి ఒట్టు పెట్టుకున్నాను. పదకొండు మందిమీ ముందు తలుపులోంచే వెళ్లాలి. పదకొండు పేర్లూ రిజిస్టరులో ఉండాలి. ఖర్చు మా కుటుంబం మొయ్యగలిగేటంత ఉండాలి. ఒక రాత్రి పడకకి పదివేలు దాటకూడదు. టిక్కెట్లు, బండి, భోజనాలు దీనికి అదనం.

మొదట సెల్‌ఫోను యాప్‌లో చూశాను. తొమ్మిదిమంది పెద్దలు, ఇద్దరు పిల్లలు అని నొక్కాను. అది తడుముకోకుండా చెప్పింది, "అయిదు గదులు!" రెండు గదులు ఒక అంతస్తులో, మూడు ఇంకో అంతస్తులో. నాయనమ్మ ఏ గదిలో? రాత్రి ఆవిడ లేస్తే చెయ్యి పట్టుకునేదెవరు? మూడేళ్ల పిల్ల అమ్మ దగ్గర పడుకుని, అర్ధరాత్రి నాయనమ్మ దగ్గరికి పోతానంటే లిఫ్టు ఎక్కాలా?

హోటలు గది అనేది ఇద్దరికోసం పుట్టిన వస్తువండీ! ఒక డబుల్ కాట్, రెండు తువ్వాళ్లు, రెండు సబ్బులు, రెండు టీ కప్పులు. మహా అయితే ఇంకొక పరుపు వేస్తారు. అమ్మా నాన్నా ఒక బిడ్డా అన్నమాట! నలుగురైతే గుండె పట్టుకుంటారు. అయిదుగురైతే రెండో గది తీసుకోమంటారు. మనం చూస్తే పెళ్లికి వెళ్లినట్టు కదులుతాం.

ఇది మన దగ్గరే అనుకునేరు! అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకుతో ఈ మాట అంటే ఫోనులోనే ఘొల్లున నవ్వాడు. వాళ్లింటికి అటు అత్తమామలు, ఇటు అమ్మానాన్నలు ఒకే వేసవిలో వెళ్లారు. అందరూ కలిసి ఫ్లారిడాలోని డిస్నీ వరల్డుకి బయల్దేరారు. 1971లో తెరిచిన ఆ మహానగరంలో సొంత హోటళ్లే పాతికదాకా ఉన్నాయి. అయినా చౌక హోటళ్లలో మామూలు గది నలుగురికే. ఆరుగురు పట్టే 'ఫ్యామిలీ సూట్లు' కొన్నిచోట్ల కట్టారు. 'ఆల్ స్టార్ మ్యూజిక్' హోటల్లో ఉన్నాయి. 2012లో తెరిచిన 'ఆర్ట్ ఆఫ్ యానిమేషన్'లోనూ ఉన్నాయి. వాటికి రెండేసి బాత్రూములు కూడాను. కానీ మావాడి లెక్క ఎనిమిది. చివరికి పక్కనే ఉన్న కిస్సిమ్మీ ఊళ్లో నాలుగు పడకగదుల ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. వంటిల్లు ఉంది కాబట్టి పెద్దమ్మ పొద్దున్నే ఉప్మా చేసిపెట్టేదట. "తమ్ముడూ, నలుగురు దాటితే హోటలు అడక్కు, ఇల్లు అడుగు!" అని మంత్రోపదేశం చేశాడు.

ఆ మాటతో నా బుర్రలో లైటు వెలిగింది. మన భాషలో ఆ మాటకి పేరు ఉండనే ఉంది. విడిది! మగపెళ్లివారికి ఎవరూ గదులు ఇవ్వరు, ఒక ఇల్లు ఇస్తారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, పిల్లలు ఎటు దొర్లితే అటు. నేను ఇన్నాళ్లూ గదుల కోసం వెతుకుతున్నాను. అడగాల్సింది విడిది!

* * *

రామోజీ ఫిల్మ్ సిటీ గురించి సినిమా పాఠకులకి నేను కొత్తగా చెప్పేదేముంది? 1996లో మొదలయింది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో ప్రాంగణంగా 1,666 ఎకరాల విస్తీర్ణంతో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 'శ్రీవారికి ప్రేమలేఖ' తీసిన నిర్మాత రామోజీరావుగారు కట్టించిన ఊరు అది. ఆయన 2024 జూన్ 8న కన్నుమూశారు. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డులో హయత్‌నగర్ దాటాక వస్తుంది.

లోపల కూడా హోటళ్లున్నాయి. సితార ఖరీదైనది. దాని తరవాత తార. కాస్త పొదుపుగా ఉండాలనుకునేవాళ్లకి శాంతినికేతన్. పెద్ద బృందాలకి డార్మిటరీ పద్ధతిలో సహారా. కాలేజీ స్నేహితులు ఇరవైమంది కలిసి వెళ్తే నేను నిస్సందేహంగా డార్మిటరీనే చూడమంటాను. మాకైతే ఎనభై ఏళ్ల మోకాళ్లూ ఉన్నాయి, మూడేళ్ల కాళ్లూ ఉన్నాయి. బాత్రూము నాలుగు అడుగుల్లో ఉండాలి. అందుకని హయత్‌నగర్ వైపు, రోడ్డుకి దగ్గరగా అతిథి గృహాలేమైనా ఉన్నాయేమోనని ఫోన్లు మొదలుపెట్టాను.

ఎప్పుడు వెళ్లాలన్న ప్రశ్న వచ్చింది. కార్తీకమాసం అనుకున్నాం. ఏ ఫోను చేసినా ఒకటే జవాబు, "పెళ్లి పార్టీ బుక్ చేసుకున్నది సార్!" నేను తల పట్టుకుని కూర్చుంటే ఇంటి దగ్గర్నుంచి నాయనమ్మ ఫోనులోకి వచ్చింది. ఆరేళ్ల తరవాత ఈ విషయం మీద ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

"ఒరే చిన్నోడా, పంచాంగం చూశావట్రా?"

"యాత్రకి మంచిరోజు చూడాలా నాయనమ్మా?"

"మంచిరోజు కాదురా పిచ్చి సన్నాసీ, చెడ్డరోజు చూడు! కార్తీకం వెళ్లాక మూఢం వస్తుంది. మూఢంలో పెళ్లిళ్లుంటాయా? పెళ్లిళ్లు లేకపోతే విడిదిళ్లన్నీ ఖాళీగా ఉండవూ?"

పాఠక మిత్రులారా! హోటలు మేనేజ్‌మెంటు కోర్సుల్లో ఈ పాఠం చెబుతారో లేదో నాకు తెలీదు. నవంబరు చివర్లో శుక్రమూఢం వచ్చింది. డిసెంబరు మొదటివారంలో, మంగళవారంనాడు అడిగితే, "ఎన్ని గదులు కావాలి సార్?" అని వాళ్లే అడిగారు! శని ఆదివారాలు కాదు, క్రిస్మస్ సెలవులు కాదు, ముహూర్తాలు కాదు. పిల్లవాడి బడికి రెండు రోజులు సెలవు పెట్టించడం ఒక్కటే నష్టం. వాడు దాన్ని నష్టం అనలేదు లెండి!

ఫోను చేసినప్పుడు ఈసారి నేను మొదట చెప్పిన మాట అద్దె గురించి కాదు. "మేం పదకొండు మందిమండీ. తొమ్మిదిమంది పెద్దవాళ్లు, ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు, మూడేళ్ల పిల్ల ఒకతె. ఒకావిడకి ఎనభై ఏళ్లు, మెట్లెక్కలేరు." ఈ నాలుగు ముక్కలూ ముందే చెబితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. చాలాచోట్ల అయిదేళ్లలోపు పిల్లలకి డబ్బు తీసుకోరు. ఆ పై పిల్లలకి పరుపుతోనా, పరుపు లేకుండానా అన్నదాన్ని బట్టి లెక్క. పన్నెండు దాటితే చాలాచోట్ల పెద్దవాళ్ల కిందే జమ. ఇది హోటలుకో తీరుగా ఉంటుంది కాబట్టి అడిగి తీరాలి. అదనపు పరుపు అంటే మంచమా, నేలమీద బొంతా? టిఫిను అందరికా, గదికి ఇద్దరికేనా? బాత్రూములెన్ని? వేణ్ణీళ్లు ఎన్ని గంటలదాకా? ఇవన్నీ అడిగి, మొత్తం రేటు పన్నుతో సహా వాట్సాప్‌లో రాసి పంపమన్నాను. మాటకి సాక్ష్యం ఉండదు, రాతకి ఉంటుంది.

నాలుగో ఫోనులో దొరికింది. కింది అంతస్తు మొత్తం. మూడు గదులు, మూడింటికీ బాత్రూములు, మధ్యలో పెద్ద హాలు. అదనపు పరుపులతో సహా అంతా కలిపి తొమ్మిది వేలు అన్నాడు. నేను ఎగిరి గంతెయ్యబోయి ఆగాను. పన్నుందిగా!

ఇక్కడ కొంచెం లెక్కలు. లెక్కలంటే భయపడేవాళ్లు కూడా ఈ పేరా వదలకండి, డబ్బు మీదే! 2025 సెప్టెంబరు 22 నుంచి హోటలు గదుల జి.ఎస్.టి. మారింది. గది అద్దె రోజుకి 7,500 రూపాయల వరకూ అయితే పన్ను అయిదు శాతం. అది దాటితే పద్దెనిమిది శాతం. అంతస్తంతా ఒకే యూనిట్ కింద తొమ్మిదివేలకి బిల్లు రాస్తే పన్ను 1,620 రూపాయలు. మూడు గదులు, గదికి మూడు వేలు చొప్పున రాస్తే 450 రూపాయలు. తేడా 1,170! ఇదేమీ దొంగలెక్క కాదు. అక్కడ మూడు గదులూ విడివిడిగా అద్దెకిచ్చేవే, మూడు తాళాలు, మూడు నెంబర్లు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను, రాశాడు. మొత్తం 9,450. మనిషికి 860 రూపాయలు కూడా పడలేదు. అయిదు గదుల యాప్ లెక్కలో సగం కూడా కాదు!

ఇంకొక కిటుకు. ఫిల్మ్ సిటీ పగటి ఆట. పొద్దున్నే వెళ్లి సాయంత్రం దాకా తిరగాలి. హోటళ్లు గది ఇచ్చేదేమో చాలాచోట్ల మధ్యాహ్నం పన్నెండుకి. మీరు రాత్రి రైలు దిగి నేరుగా అక్కడికి వెళ్లి, ఆ రోజుకి గది తీసుకుంటే, పగలంతా గది మీకోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ముందురోజు మధ్యాహ్నానికి చేరి, రాత్రి హాయిగా పడుకుని, పొద్దున్నే గది ఖాళీ చేసి సామాను అక్కడే ఒక మూల పెట్టుకోమని అడిగితే, ఒక్క రాత్రి అద్దెతో సరిపోతుంది. మేం అలాగే చేశాం. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటే ఒకే బండిలో సరిపోయాం. ఆటోలు నాలుగు కట్టి ఒకదాని వెనక ఒకటి పరుగెత్తించే ఛేజింగ్ సీను తప్పింది.

* * *

మధ్యాహ్నం చేరాం. ముందు తలుపులోంచే వెళ్లాం. కౌంటరులో కుర్రాడు అందరి ఆధార్ కార్డులూ అడిగాడు. రిజిస్టరు తెరిచి పేర్లు రాస్తున్నాడు. నేను పక్కన నిలబడి ఒక్కొక్క పేరూ చదువుతున్నాను. నాలుగో గీత మీద నాయనమ్మ పేరు రాశాడు.

"ఒక్కరు సంతకం పెడితే చాలు సార్" అన్నాడు.

నేను పెన్ను తీసుకెళ్లి నాయనమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఏమీ అడగలేదు. కళ్లజోడు సవరించుకుని, రిజిస్టరు మీదికి వంగి, తాతయ్య నేర్పిన అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ రాసింది. వెనకాల బాబాయి గొంతు సవరించుకున్నాడు. నాన్న గోడమీద క్యాలెండరు చాలా శ్రద్ధగా చదివాడు. 2019లో ఆ రాత్రి తరవాత వాళ్లిద్దరూ ఈ సంగతి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఇప్పుడూ మాట్లాడుకోలేదు. కానీ లోపలికెళ్లేటప్పుడు నాయనమ్మ సంచీని చెరొక చెవీ పట్టుకుని మోశారు. అందులో ఉన్నది రెండు చీరలూ ఒక మందుల డబ్బా!

గదులు పంచాను. నాలుగు, నాలుగు, మూడు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. రాత్రి భోజనాలయ్యాక ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. మొదట మూడేళ్లది పరుపు ఈడ్చుకుంటూ హాల్లోకి వచ్చింది. దానికోసం వదిన, వదిన కోసం పిల్లవాడు, వాడి కబుర్ల కోసం మా చెల్లెలు... పదింటికల్లా మూడు గదులూ ఖాళీ! హాలు నిండా పరుపులు. ఈ చివర నాయనమ్మ, ఆ చివర నేను. ఏ.సి. గదుల్లో మంచాలు మాత్రం దర్జాగా వాటంతట అవే పడుకున్నాయి.

లైట్లు తీసేశాక చీకట్లోంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"లవకుశకి వెళ్లినప్పుడు కూడా ఇట్లాగే పడుకున్నాంరా. మొదటాట అందలేదు. రెండో ఆట చూసి బయటికొచ్చేసరికి ఎడ్లు అలిసిపోయినాయి. హాలు పక్కన దిబ్బమీద బండి కింద సగం మందిమి, బండి మీద సగం మందిమి. మీ తాతయ్య తెల్లారిందాకా కర్ర పట్టుకుని కూర్చున్నాడు. నిద్దర పోకుండా అందర్నీ లెక్కపెడుతూ..."

అక్కడ ఆగింది. తరవాత మెల్లగా అడిగింది, "పదకొండు మందీ ఉన్నారుగా?"

"ఉన్నారు నాయనమ్మా" అన్నాను. నిజానికి నేను అప్పటికి రెండుసార్లు లెక్కపెట్టాను.

* * *

మర్నాడు ఫిల్మ్ సిటీ! ఎర్రబస్సులో తిరిగాం. 'బాహుబలి' సెట్టు దగ్గర పిల్లవాడు లేని కత్తి దూసి, లేని శత్రువుల్ని నరికాడు. మొఘల్ గార్డెన్స్, జపాన్ తోట, రైల్వేస్టేషను సెట్టు చూశాం. మా చెల్లెలు సెల్‌ఫోను బ్యాటరీ అయిపోయేదాకా ఫోటోలు తీసింది. నాయనమ్మ మెల్లగా నడుస్తూ, ప్రతి మేడా ఎగాదిగా చూస్తూ వచ్చింది. ఒక వీధిలో మేడల ముందు ఆగింది. బ్రహ్మాండమైన గుమ్మాలు, కిటికీలు, అరుగులు. పక్కకెళ్లి తొంగి చూసింది. ముందు గోడే ఉంది, వెనక కర్రలూ ఇనప కమ్ములూ ఉన్నాయి.

నా వైపు తిరిగి బుగ్గన వేలేసుకుంది.

"ఓరి నాయనో! ఇన్ని మేడలు కట్టారు... ఒక్కదాంట్లోనూ చాప పరుచుకునే చోటు లేదుట్రా!"

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆరేళ్ల కిందట ఆ మెట్లమీద నవ్వని నవ్వు అది. నాకు ఆ రోజు చూసిన అన్ని ఆటల్లోకీ అదే పెద్ద ఆట.

కుర్రకారు పాఠకులారా! రేపు మీకు ఉద్యోగం వస్తుంది, చేతిలో నాలుగు డబ్బులుంటాయి. ఇంట్లోవాళ్లని ఎక్కడికో తీసుకెళ్లాలనిపిస్తుంది. తప్పకుండా తీసుకెళ్లండి. డబ్బు తక్కువైతే మూఢంలో వెళ్లండి, మంగళవారం వెళ్లండి, హాల్లో పరుపులేసుకుని పడుకోండి. కానీ ఎంతమంది అని అడిగితే మాత్రం, ఉన్నంతమందినీ చెప్పండి.

ఇంటికెళ్లిన వారానికి నాయనమ్మ ఫోను చేసింది.

"ఒరే చిన్నోడా, ఆ రిజిస్టరులో నా పేరు ఇంకా ఉంటుందా?"

"ఉంటుంది నాయనమ్మా."

"అయితే సరేలే. మళ్లీ మూఢం ఎప్పుడో చూసి చెబుతా. ఈసారి మీ మేనత్తవాళ్లు కూడా వస్తారుట..."

మేనత్తవాళ్లు ఆరుగురు! చిన్నమయ్య నెంబరు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే కాస్త పంపిద్దురూ!